మిద్దె దాకా వచ్చి గూట్లోకి రాని పావురం

పొద్దున ఏడింటికి గూడూరు దగ్గర వదిలిన పావురం ఎనిమిది కొట్టేసరికి తిరుపతిలో తన మిద్దె పైన తేలింది. ఒక చుట్టు చుట్టింది. గూటి ముందున్న పలక మీద వాలాల్సింది పోయి పక్కింటి నీళ్ల ట్యాంకు మీద వాలింది. రెక్కలు సర్దుకుంది, ఈకలు దువ్వుకుంది, మెడ తిప్పి అటూ ఇటూ చూసింది. కింద నిలబడ్డ మనిషికి ఒకటే టెన్షన్. ఈల వేస్తాడు, గింజల డబ్బా గలగలలాడిస్తాడు, ఆగలేక చప్పట్లు కొడతాడు. పావురం కదలదు. పందెం పావురాలు పెంచే ఇళ్లలో ఏదో ఒక ఏడాది ఈ దృశ్యం తప్పదు. డెబ్భై కిలోమీటర్లు దాటి వచ్చిన పక్షి ఆఖరి పది గజాల దగ్గర ఆగిపోతుంది.

ఆ పది గజాల విలువ తెలియాలంటే ముందు పందెం లెక్క తెలియాలి. పరుగు పందెంలో అందరికీ ఒకటే గీత. పావురాల పందెంలో అన్నీ ఒకే చోటు నుంచి బయల్దేరతాయి గానీ, ఒక్కోటీ తన ఇంటికే చేరుతుంది. అందుకని వదిలే చోటు నుంచి ప్రతి గూటికీ ఎంత దూరమో ముందే కొలిచి పెడతారు. ఆ దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తే నిమిషానికి ఎన్ని మీటర్లో తేలుతుంది. ఎవరి అంకె పెద్దదైతే వాళ్లది గెలుపు. పావురం ఆకాశంలో కనబడగానే గడియారం ఆగదు. పాత పద్ధతిలో పావురం కాలికి తొడిగిన రబ్బరు రింగును తీసి పందెం గడియారంలో వేస్తేనే సమయం పడుతుంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ పద్ధతిలో కాలి రింగులో చిప్ ఉంటుంది, గూటి వాకిట్లో అమర్చిన ప్యాడ్ మీద పావురం అడుగు పెడితేనే అది నమోదవుతుంది. ఏ పద్ధతైనా పావురం గూటి దాకా రావాల్సిందే.

గూడూరు నుంచి తిరుపతికి గాలిదారిన సుమారు 74 కిలోమీటర్లు, చంద్రగిరికి సుమారు 85. తిరుపతి పావురం 60 నిమిషాల్లో, చంద్రగిరి పావురం 71 నిమిషాల్లో ఇల్లు చేరాయనుకుందాం. మొదటిదాని వేగం నిమిషానికి 1,233 మీటర్లు, రెండోదానిది 1,197. ఎగరడంలో తిరుపతి పావురమే మేలు. కానీ అది ట్యాంకు మీద రెండే రెండు నిమిషాలు కూర్చుంటే దాని అంకె 1,193కి పడిపోతుంది. పందెం పోయినట్టే. ఇక ఐదు నిమిషాలు కూర్చుంటే పోయేది ఆరు కిలోమీటర్ల ప్రయాణం. తిరుపతి నుంచి తిరుచానూరుకు కూడా అంత దూరం లేదు.

ఇల్లు వెతుక్కోవడం ఒక విద్య, గూట్లో దూరడం ఇంకో విద్య. మొదటిది పావురానికి పుట్టుకతో వస్తుంది, తరాల తరబడి మంచి జోడీలను కట్టి మనిషి దానికి పదును పెట్టాడు. రెండోది మాత్రం పూర్తిగా నేర్పితే వచ్చేది. ఈ తేడా తెలియకపోవడం వల్లే మంచి రక్తమున్న పావురాలు కూడా మిద్దెల మీద పరువు పోగొట్టుకుంటున్నాయి.

మొదటి విద్య గురించి శాస్త్రం చాలానే చెప్పింది. పావురాలకు సూర్యుడే దిక్సూచి. కృత్రిమమైన వెలుతురులో ఉంచి వాటి ఒంట్లోని గడియారాన్ని ఆరు గంటలు జరిపితే, ఎండ కాసే రోజున అవి దాదాపు 90 డిగ్రీలు పక్కకు బయల్దేరతాయి. అమెరికాలో విలియం కీటన్ 1971లో ప్రచురించిన ప్రయోగాల్లో, మబ్బు పట్టిన రోజున అయస్కాంతం కట్టిన పావురాలు దారి తడబడ్డాయి. సూర్యుడు కనబడకపోతే భూమి అయస్కాంత శక్తిని ఆసరా చేసుకుంటాయని దాన్నిబట్టి అర్థమైంది. ఇటలీలో ఫ్లోరియానో పాపి బృందం 1970ల్లో గాలిలో వచ్చే వాసనలు కూడా దారి చూపుతాయని నిరూపించే పని మొదలుపెట్టింది. తర్వాత వీపుకు చిన్న జీపీఎస్ పరికరాలు కట్టి చూసిన ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు, తెలిసిన ప్రాంతానికి వచ్చాక పావురాలు రోడ్ల వెంబడి ఎగరడం గమనించారు. తిరుపతి పావురానికి ఆ ఆనవాళ్లకు కొదవ లేదు. ఊరికి ఉత్తరాన గోడలా నిలబడ్డ శేషాచలం కొండల ఎర్రటి బండ, స్వర్ణముఖి ఇసుక గీత, రేణిగుంట దగ్గర చీలే రైలు పట్టాలు, అన్నీ ఆకాశం నుంచి చక్కగా కనబడేవే.

ఈ తెలివితేటలన్నీ పావురాన్ని మిద్దె దాకా తెస్తాయి. అక్కడి నుంచి దాని పూర్వీకుల అలవాటు అడ్డం పడుతుంది. పెంపుడు పావురాలన్నింటికీ మూలం కొండ చరియల్లో గూడు కట్టే అడవి పావురం. అది గూటికి తిరిగి రాగానే నేరుగా లోపలికి దూరదు. ఎత్తైన చోట కాసేపు కూర్చుని డేగ ఉందా, పిల్లి ఉందా అని చూసుకుని అప్పుడు దిగుతుంది. ట్యాంకు మీద కూర్చున్న పందెం పావురం చేస్తున్నదీ అదే. దాన్ని మొండితనం అనడం అన్యాయం. మనుషులు నిలబడి చూస్తుండగా, తీగల మధ్య నుంచి ఒక చీకటి పెట్టెలోకి నడిచి వెళ్లడమే దాని స్వభావానికి విరుద్ధం. అంత విరుద్ధమైన పనిని సంతోషంగా చేసేట్టు నేర్పాలంటే ఓపిక కావాలి. డబ్బుతో అయ్యే పని కాదిది. 2020 నవంబరులో న్యూ కిమ్ అనే బెల్జియం ఆడ పావురం వేలంలో 16 లక్షల యూరోలు పలికింది. ఆ డబ్బుతో కొన్నది రక్తాన్ని. ఏ ఊరి గూట్లోకైనా నేరుగా దిగే అలవాటు మాత్రం ఆ ఊళ్లోనే, ఆ మిద్దె మీదే పుట్టాలి.

ఒడిశా పోలీసులు 1946లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు నడిపిన పావురాల టపా గురించి చాలామంది వినే ఉంటారు. 1999 సూపర్ సైక్లోన్‌కు టెలిఫోన్లు, వైర్‌లెస్ మూగబోయినప్పుడు కూడా ఆ పావురాలు కబుర్లు మోశాయి. అక్కడ పందెం లేదు, బహుమతి లేదు. అయినా పావురం గూట్లోకి దిగి చేతికి దొరికితే తప్ప కాలికి కట్టిన చీటీ చదవడానికి లేదు. కనుక ఇది పందెం ముచ్చట ఉన్నవాళ్ల ఒక్కళ్ల బెడద కాదు, పావురం చేత పని చేయించుకున్న ప్రతి వాళ్లకూ ఇది మొదటి పాఠమే.

నెల పిల్ల దగ్గర మొదలు

గుడ్డు 17, 18 రోజులకు పగులుతుంది. వారం తిరిగేసరికి పిల్ల కాలికి అతుకు లేని రింగు తొడుగుతారు, ఆలస్యమైతే పాదం పెరిగి రింగు ఎక్కదు. 28 నుంచి 30 రోజుల మధ్య తల్లిదండ్రుల నుంచి వేరు చేస్తారు. ఆ వయసులో పిల్లకు సరిగ్గా ఎగరడం రాదు, ఎగరాలని మాత్రం మహా ఆత్రం. ఇదే అదను. ఒకసారి వేరే మిద్దె చుట్టూ ఎగిరిన పావురాన్ని కొనుక్కొచ్చి కొత్త గూటికి అలవాటు చేయడం చాలా కష్టం. నెలల తరబడి బంధించి ఉంచినా తలుపు తీయగానే పాత ఇంటి దారి పట్టేవే ఎక్కువ. తెలిసినవాళ్లు ఎగరని పిల్లలనే కొనడానికి కారణం అదే.

గూటి వాకిలి ముందు వాలే పలక ఉంటుంది. దాని మీద నాలుగు వైపులా, పైనా వల బిగించిన చిన్న పంజరం పెట్టి, సాయంత్రం పూట పిల్లలను అందులోకి రానిస్తారు. నాలుగైదు రోజులు అవి అక్కడ కూర్చుని ఊరిని చూస్తాయి. ఎదురుగా ఏ కొండ, పక్కన ఏ కొబ్బరి చెట్టు, సూర్యుడు ఏ వైపు దిగుతున్నాడు, కుక్కర్ కూత ఎటు నుంచి వస్తోంది, అన్నీ మనసులో ముద్ర పడతాయి. పైకి ఏమీ జరగనట్టు కనబడే ఈ నాలుగు రోజులను తొందరపడి ఎగ్గొడితే తర్వాత నాలుగు నెలలు కష్టపడినా పూడ్చలేం.

తర్వాత వాకిలి. గూటి వాకిట్లో వరసగా వేలాడే సన్నటి తీగలు ఉంటాయి. బయటి నుంచి తోస్తే లోపలికి తెరుచుకుంటాయి, లోపలి నుంచి తోస్తే కదలవు. దీన్ని నేర్పే పద్ధతి చూడ ముచ్చటగా ఉంటుంది. మొదటి రోజు తీగలన్నీ పైకి కట్టేస్తారు, పిల్ల అడ్డం లేకుండా లోపలికి నడుస్తుంది. రెండు రోజులయ్యాక రెండు తీగలు మాత్రం దించుతారు. పిల్ల వాటి ముందు ఆగుతుంది, ఒక తీగను ముక్కుతో పొడుస్తుంది, అది ఊగి టింగుమనగానే వెనక్కి గెంతుతుంది. లోపల మిగతావి గింజలు ఏరుతున్న చప్పుడు వినబడుతుంది. మళ్లీ వస్తుంది. ఈసారి తల దూరుస్తుంది, తీగ మెడ మీద పడుతుంది, కళ్లు పెద్దవి చేసి అలాగే నిలబడిపోతుంది. అప్పుడు మనిషి చెయ్యి కదలకూడదు, నోరు కదలకూడదు. కాసేపటికి రొమ్ముతో ఒక్క తోపు తోసి లోపలికి జారుతుంది, ముక్కు ముందే జొన్నలు. మూడో రోజుకు ఆ టింగుమనే చప్పుడంటే భయం పోయి, అన్నం గంట విన్నట్టు ఉంటుంది దానికి. అన్ని తీగలూ దించేనాటికి పిల్ల ఆగకుండా నడిచి వెళ్లిపోతుంది. పెద్దయ్యాక పందెం రోజు చూపే వేగమంతా ఈ తీగల దగ్గర పుట్టిందే.

బయటికి మొదటిసారి వదలడం పొద్దుగూకడానికి గంట ముందు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి గింజలు పెట్టరు. గాలి ఎక్కువగా ఉంటే మానుకోవాలి. పిల్లను చేత్తో పట్టుకుని ఎగరేయడం పెద్ద తప్పు, దానంతట అదే నడిచి బయటికి రావాలి. కొన్ని పలక మీదే ఉండిపోతాయి, కొన్ని గూటి కప్పు ఎక్కుతాయి, ఒకటి అరా బెదిరి ఎక్కడో వాలుతుంది. పది పదిహేను నిమిషాల్లో ఈల, డబ్బా చప్పుడు, లోపల గింజలు. రెండు మూడు నెలల వయసులో ఇవి గుంపుగా లేచి గంటసేపు కంటికి కనబడకుండా పోతాయి. కొత్తగా పెంచేవాళ్లు కంగారు పడతారు గానీ, అది మంచి లక్షణం. ఊరిని కొలుచుకుంటున్నాయన్న మాట.

ఆకలి వేరు, పస్తు వేరు

పావురాన్ని లోపలికి రప్పించేవాటిలో అన్నిటికంటే బలమైనది ఆకలి. అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేదీ అదే. నాలుగు వందల నుంచి ఐదు వందల గ్రాముల బరువుండే పందెం పావురానికి రోజుకు సుమారు 30 గ్రాముల గింజలు చాలు. కష్టమైన ఎగురుడు ఉన్న రోజుల్లో కాస్త పెంచుతారు, ఖాళీ రోజుల్లో తగ్గిస్తారు. తొట్టి నిండా గింజలు పోసి ఎప్పుడు తింటే అప్పుడు తినమని వదిలేసిన గూట్లో ఏ పావురమూ ఈలకు రాదు. దానికి రావాల్సిన అవసరమే లేదు కదా.

కొలత గిన్నె ఒక్కటే సరిపోదు, కళ్లు కూడా కావాలి. గింజలను కొంచెం కొంచెం చల్లుతూ ఉంటే అన్నీ ఎగబడి తింటాయి. ముందుగా రెండు మూడు పావురాలు తినడం ఆపి నీళ్ల దగ్గరికి నడుస్తాయి. సరిగ్గా అప్పుడు చల్లడం ఆపాలి. గుంపులో ఎక్కువ వాటికి ఇంకొక్క గుక్కెడు ఆశ మిగిలి ఉంటుంది. ఆ మిగిలిన ఆశే మర్నాడు వాటిని లోపలికి పరుగెత్తిస్తుంది.

పస్తు పెట్టడం మాత్రం వేరే సంగతి. పందెం ముందు రెండు రోజులు గింజలు మాన్పిస్తే పావురం తొందరగా దిగుతుందని కొందరు నమ్ముతారు. ఒంట్లో శక్తి లేని పక్షి దారిలోనే ఏ చెనక్కాయ చేలోనో దిగి మేస్తుంది. ఒకసారి చేలో తిన్న రుచి తెలిస్తే, అక్కడ దిగడమే దానికి చదువవుతుంది. డేగకు చిక్కేదీ ముందుగా ఇలాంటివే. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక కత్తిలా తగలకూడదు, మాంసంలో మునిగిపోయి కనబడకుండానూ ఉండకూడదు. ఈ రెంటి మధ్య ఉన్న పావురమే అటు ఎగరగలదు, ఇటు దిగగలదు.

జొన్నలు, సజ్జలు, మొక్కజొన్న, గోధుమలు, పెసలు, అలసందలు, అన్నీ ఇక్కడి అంగళ్లలో దొరికేవే. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో మరో అదృష్టం చెనక్కాయ గింజలు. నూనె, మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి దూరపు ఎగురుళ్ల ముందు బలానికి పనికొస్తాయి. అంతకంటే పెద్ద ఉపయోగం ఇంకోటి ఉంది. పావురాలకు అవి ప్రాణం. మామూలు తిండిలో ఇవ్వకుండా, బయటి నుంచి లోపలికి వచ్చినప్పుడు మాత్రమే రెండు మూడు పలుకులు ఇచ్చే గూళ్లలో పావురాలు తీగల దగ్గర తోసుకుంటూ వస్తాయి. ఒక్క జాగ్రత్త: చెమ్మ తగిలిన చెనక్కాయలకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది కాలేయాన్ని తినేస్తుంది. రంగు మారిన గింజ ఒక్కటి కనబడినా ఆ మూట పావురాలకు పెట్టకూడదు.

ఈలకూ తిండికీ ముడి వేయడం వెనకున్న సూత్రం రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాల నాటిది. చప్పుడు తర్వాత తిండి వస్తుందని తెలిస్తే చప్పుడుకే నోరూరుతుంది. దీన్ని ఇంట్లోవాళ్లే ఎక్కువగా పాడు చేస్తారు. వచ్చిన బంధువులకు చూపించడానికి ఈల వేస్తారు, పావురాలు దిగుతాయి, లోపల గింజలు ఉండవు. ఇలా నాలుగుసార్లు జరిగితే ఈలకు విలువ పోతుంది. మనిషి మాట తప్పితే ఎలాగో, ఈల అబద్ధమాడినా అంతే. స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1948లో పావురాల మీద చేసిన ప్రయోగం ఇక్కడ ఇంకా బాగా పనికొస్తుంది. పావురం ఏం చేసినా చేయకపోయినా నిర్ణీత సమయానికి గింజలు పడేట్టు పెట్టాడు. గింజ పడే క్షణంలో ఏ పావురం ఏం చేస్తుంటే దానికి అదే అలవాటైంది. ఒకటి గుండ్రంగా తిరగడం మొదలుపెడితే ఇంకోటి తల ఊపడం మొదలుపెట్టింది. దీన్ని మిద్దె మీదికి తెచ్చి చూడండి. ట్యాంకు మీద కూర్చున్న పావురాన్ని దింపడానికి మిద్దె మీద గింజలు చల్లితే, అది నేర్చుకునే పాఠం ఒక్కటే: ట్యాంకు మీద కూర్చుంటే గింజలు వస్తాయి. గూటి బయట ఒక్క గింజ కూడా పడకూడదనే నియమం అందుకే అంత గట్టిది.

నీళ్ల విషయంలోనూ అంతే. తిరుపతి ఎండల్లో దాహం ఆకలిని మించుతుంది. ట్యాంకు నిండి కారే చోట, ఎవరో పిచ్చుకల కోసం గోడ మీద పెట్టిన మట్టి చిప్పలో, పావురం ఒకసారి తాగిందంటే మళ్లీ అక్కడికే వెళుతుంది. గూట్లో చల్లటి, శుభ్రమైన నీళ్లు రోజంతా ఉండాలి, సొంత మిద్దె మీద కారే పైపును బాగు చేయించాలి. పక్కింటి చిప్పను తీయమనలేం, తీయమనకూడదు కూడా. పావురాలను వదిలే ముందు గూట్లోనే బాగా నీళ్లు తాగేట్టు చూసుకోవడం మన చేతిలో ఉన్న పని.

పావురం ఎక్కడ ఆగింది?

లోపలికి రాని పావురాలన్నిటినీ ఒకే గాటన కట్టేయడం వల్ల చికిత్స తప్పుతుంది. అది ఎక్కడ ఆగిందో, దేనివైపు చూస్తోందో గమనిస్తే కారణం సగం దొరికినట్టే.

చుట్లు కొడుతూ అసలు వాలనే వాలని పావురం కింద ఏదో మారిందని చెబుతోంది. చాలాసార్లు అది దండెం మీద ఆరేసిన చీర. నిన్నటిదాకా లేని ఎర్రటి గుడ్డ గాలికి రెపరెపలాడుతుంటే, ఐదు నిమిషాలు పైనే తిరుగుతుంది. కొత్త డిష్ యాంటెన్నా, గూటికి వేసిన కొత్త రంగు, పందెం చూడ్డానికి మిద్దెక్కిన పదిమంది స్నేహితులు, ఇవన్నీ ఆ జాబితాలోవే. ఎండాకాలంలో వడియాలూ ఎండుమిరపకాయలూ ఆరబోసిన రోజు ఇంట్లో ఎవరో కర్రతో అదిలించిన పావురం, ఆ తర్వాత ఆ మిద్దెనే అనుమానంగా చూస్తుంది. వడియాలకు ఒక మూల, పావురాలకు ఒక మూల అని ఇంట్లో ముందే మాట్లాడుకుంటే ఈ తంటా ఉండదు. చీరల విషయంలో తెలివైన దారి, వాటిని మానేయడం కాకుండా రోజూ ఆరేయడమే. రోజూ కనబడేదానికి పావురం బెదరదు.

పలక మీద చక్కగా వాలి, తీగల ముందు నిలబడి, లోపలికి చూసి వెనక్కి నడిచే పావురం ఇంకో కథ చెబుతోంది. దాని భయం లోపల ఉంది. రాత్రి పిల్లి వచ్చి పోయిందేమో, గుడ్ల కోసం జెర్రిపోతు దూరిందేమో చూడాలి. పావురాలు ఎక్కువై, దాని కూర్చునే చోటును ఇంకొకటి లాక్కుని ఉండొచ్చు. గూట్లో చెమ్మ, ఘాటు వాసన ఉన్నా లోపలికి అడుగు పడదు. ఎలక్ట్రానిక్ ప్యాడ్‌ను పందెం రోజే తెచ్చి పెట్టినా ఇంతే, ప్యాడ్ ఏడాది పొడుగునా వాకిట్లోనే ఉండాలి.

అయితే ఎక్కువ సార్లు ఆ భయం మనిషి చెయ్యి. పావురం దిగగానే ఆత్రం కొద్దీ దాని మీద పడి, మూలకు తరిమి, రెక్క దొరికితే రెక్క పట్టుకుని రింగు లాగేవాళ్లు ఉంటారు. పావురం లెక్కలో అది ఏమవుతుంది? గంటసేపు కష్టపడి ఇంటికి వచ్చింది, వాకిలి దాటగానే దెబ్బ తగిలింది. వచ్చే వారం అది ట్యాంకు మీద కూర్చోవడంలో వింతేముంది? దాని జ్ఞాపకశక్తి మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. రోజూ ఏ పనీ లేకపోయినా ఒక్కో పావురాన్ని మెల్లగా పట్టుకుని, కాళ్లు వేళ్ల మధ్య ఇరికించి, రెక్కలు బొటనవేలితో అదిమి, కాసేపు ఉంచి, రెండు పలుకులు చెనక్కాయ ఇచ్చి వదలడం అలవాటు చేయాలి. లోపలికి వచ్చాక కూడా వెంటనే పట్టుకోకుండా నాలుగు గింజలు తిననిచ్చి, తింటున్నప్పుడే చేతిలోకి తీసుకుంటే రింగు తీసినట్టు కూడా దానికి తెలియదు. ఆ నాలుగు గింజలకు పట్టేది పది సెకన్లు.

ఇక ట్యాంకు మీద తాపీగా కూర్చునే పావురం సంగతి. దానికి భయం లేదు, పని లేదంతే. కడుపు నిండి ఉండాలి, లేదా పక్కన జత ఉండాలి. వయసొచ్చిన మగ, ఆడ పావురాలను కలిపి వదిలితే మిద్దె అంచు మీదే గుండ్రంగా తిరుగుతూ కూస్తూ గంటలు గడుపుతాయి. అందుకే శిక్షణ రోజుల్లో మగవాటినీ ఆడవాటినీ వేరు వేరు అరల్లో ఉంచి, వేరు వేరుగా వదులుతారు. ఆ జత మీద ప్రేమనే పందేనికి వాడుకునే పద్ధతి కూడా ఉంది. వారమంతా వేరుగా ఉంచి, బుట్టలోకి ఎక్కించే ముందు కాసేపు జతను చూపించి పంపితే, తిరిగి వచ్చిన మగ పావురం ట్యాంకు వైపు కన్నెత్తి చూడదు. గుడ్లు పొదుగుతున్న, లేదా చిన్న పిల్ల ఉన్న ఆడ పావురం కూడా అంతే నేరుగా వస్తుంది.

గోపురాల మీద, మార్కెట్ల దగ్గర తిరిగే మామూలు పావురాలతో చేరిన పావురం మాత్రం చాలా త్వరగా చెడుతుంది. రోగాలు తేవడం ఒకటైతే, బయట బతకొచ్చని తెలుసుకోవడం రెండోది. ఇలాంటి దాన్ని మిగతా వాటితో కలిపి వదలకూడదు, పిల్లలు చూసి నేర్చుకుంటాయి. వేరుగా ఉంచి, తిండి తగ్గించి, రోజూ రెండు కిలోమీటర్ల నుంచి ఒంటరిగా వదిలి, లోపలికి రాగానే మేలైన గింజలు పెడితే కొన్ని మారతాయి. మూడు నాలుగు వారాలకూ మారకపోతే దాన్ని పిల్లలు పెట్టడానికి ఉంచుకోవడమే మంచిది. దాని రక్తంలో లోపం లేదు, పిల్లలు చక్కగా నేర్చుకుంటాయి. నేరుగా దిగని పెద్ద పావురాలున్న చోట తెల్లటి లక్కా పావురాలను ఒకటి రెండు పలక మీద తిరగనిచ్చే పద్ధతీ ఉంది. ఎక్కువగా ఎగరలేని వాటిని చూసి పైనున్నవి ధైర్యంగా దిగుతాయి.

దూరాలు పెంచే పద్ధతి

ఐదు కిలోమీటర్లతో మొదలుపెట్టి మెల్లగా దూరం పెంచాలి. ఈశాన్య దారి పట్టే తిరుపతి పావురాలకు గాలిదారిన రేణిగుంట సుమారు పది కిలోమీటర్లు, శ్రీకాళహస్తి ముప్పై పైన, వెంకటగిరి నలభై, గూడూరు 74, నెల్లూరు నూట పది దాకా ఉంటాయి. ఒక్కో చోట రెండు మూడు సార్లు వదిలి ముందుకు జరగాలి. బుట్టలో నుంచి దించగానే మూత తీయకుండా పావుగంట వాటిని కుదుటపడనివ్వాలి. పొగమంచు ఉంటే కరిగేదాకా ఆగాలి. ఎండాకాలంలో పొద్దు పొడిచిన కాసేపటికే వదిలేస్తే ఎండ ముదరకముందే ఇల్లు చేరతాయి. ఏటా ఈకలు రాల్చి కొత్తవి తొడిగే రోజుల్లో, రెక్కలో సందులు కనబడుతుంటే దూరాల జోలికి పోకూడదు.

గూట్లోకి దిగడానికీ దీనికీ సంబంధం ఏమిటంటే, ఎప్పుడూ ఇరవై పావురాలను ఒకేసారి వదిలితే అవి గుంపుగానే వస్తాయి, గుంపుగానే చుట్లు కొడతాయి. ఒక్కటి జంకితే మిగతా పంతొమ్మిదీ జంకుతాయి. పందెం రోజున మాత్రం పావురం ఒక్కటే ఇంటికి మళ్లాలి, ఒక్కటే దిగాలి. కాబట్టి దారి తెలిశాక మూడేసి, తర్వాత ఒక్కొక్కటిగా, పది నిమిషాల తేడాతో వదలాలి. ఓపిక చాలా కావాలి, పెట్రోలు ఖర్చూ ఉంటుంది. అయినా వంద కిలోమీటర్ల ఎగురుడు ఒక్కటి చేయించే బదులు పది పదిహేను కిలోమీటర్ల నుంచి ఒంటరిగా ఐదుసార్లు వదిలితే దిగే అలవాటుకు ఎక్కువ మేలు. ఎందుకంటే ఐదుసార్లు దిగింది, ఐదుసార్లు ఆ తీగలు తోసింది, ఐదుసార్లు లోపల గింజలు దొరికాయి.

చివరగా, ఆ రోజు రాని పావురం గురించి. చీకటి పడ్డాక లెక్క చూస్తే ఒక అర ఖాళీగా ఉంటుంది. పావురాలు సాధారణంగా రాత్రి ఎగరవు. ఎక్కడో చెట్టు మీదో కరెంటు స్తంభం మీదో తెల్లవారేదాకా గడిపి మర్నాడు వచ్చేవి చాలానే ఉంటాయి, వారం తర్వాత వచ్చేవీ ఉంటాయి. వాకిట్లో తీగలు లోపలికి మాత్రమే తెరుచుకుంటాయి కనుక రాత్రంతా పిల్లి అందకుండా వాకిలిని కాపాడుకుని, తెల్లవారకముందే గూటి లోపల నీళ్లు, గుప్పెడు గింజలు ఉంచాలి. పందెం ఎప్పుడో అయిపోయింది కదా అని వచ్చిన పావురాన్ని పట్టించుకోకపోవడం, విసుక్కుంటూ పట్టుకోవడం కూడదు. ఆలస్యమైందని దానికి తెలియదు, ఇంటికి వచ్చానని మాత్రమే తెలుసు. అదే ఈల వేయాలి, అదే డబ్బా ఆడించాలి. తీగ టింగుమని లోపలికి రాగానే, ముందు నీళ్లు తాగనిచ్చి, తర్వాత ఆ రెండు చెనక్కాయ పలుకులూ దాని ముక్కు ముందు పెట్టాలి.